పుంజీకి ఒకటి కొసరు

ఇవాళ పొద్దున్న నేను కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని షెడ్డు వరండాలో నిలబడి ఉండగానే హైదరాబాదు నుంచి కొరియరులో ఒక ఖాళీ అట్టపెట్టె వచ్చింది. ఖాళీ పెట్టె వస్తే ఇంత సంబరమేమిటని మీరు అడగొచ్చు. లోపల ఏమీ లేని మాట నిజమే గానీ, ఆ పెట్టె మూత మీద పసుపు రంగులో, అరచెయ్యంత గుండ్రటి తెలుగు అక్షరాల్లో ‘కొసరు’ అని అచ్చయి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘నాలుగు కొంటే ఒకటి కొసరు, కోనసీమ నుంచి’ అని. వచ్చే నెల నుంచి, మా సరుకు కొనే హైదరాబాదు కంపెనీ వాళ్ళకి దక్షిణాదిలో ఎన్ని ఊళ్ళల్లో దుకాణాలున్నాయో అన్నిట్లోనూ మేము చేసే కొబ్బరి పీచు ముడి, అదేనండీ, అంట్లు తోముకునేది, ఈ పెట్టెల్లోనే కనబడుతుందట. నమూనా చూసి సరే అంటే అచ్చు మొదలుపెడతారట. పెట్టెతో పాటు వచ్చిన ఉత్తరంలో ఆ సంగతి చదివి, యాభై మూడేళ్ళ దాన్నన్న సంగతి కూడా మరిచిపోయి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి పరిగెత్తాను. లోపల వాళ్ళందరికీ చెప్పేశాను, ఫోను చేసి మా ఆయనకి చెప్పేశాను, అయినా నోరు ఊరుకోవడం లేదు. మీకు కూడా చెబితే గానీ ఈ సంతోషం తీరేలా లేదు. ఎందుకంటే ఆ పెట్టె మీది మాట విలువ మన తరం వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పాలావిడ గ్లాసుతో కొలిచి పోశాక, చెంబు వంచి ఇంకో గుక్కెడు పోస్తే తప్ప మన అమ్మలు గిన్నె లోపలికి తీసుకెళ్ళేవారు కాదు, గుర్తుందా? చింతపండు తూచాక ఇంకో రెబ్బ, కూరల గంపావిడ దగ్గర వంకాయల మీద రెండు పచ్చిమిరపకాయలు. అడగడం మన హక్కు, విసుక్కుంటూనైనా వెయ్యడం వాళ్ళ ధర్మం. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఇంకా పెద్దది. మా నాన్న దింపు తీసేవారు, అంటే కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడమే ఆయన జీవనం. చెట్లన్నీ అయ్యాక కింద కుప్ప పోసిన కాయల్ని లెక్కపెట్టే పని కూడా ఆయనదే. చేతికి రెండేసి చొప్పున రెండు చేతులా నాలుగు కాయలు పట్టి విసిరితే ఒక పుంజీ, అలాంటివి ఇరవై అయిదు పడితే వంద. లెక్క మొదలుపెట్టేటప్పుడు ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. లాభం, రెండు, మూడు అంటూ సాగే ఆ గొంతు తోట అవతలి గట్టుదాకా వినబడేది. వంద పూర్తయ్యాక మాట్లాడకుండా ఇంకో పుంజీ కుప్ప మీద పడేసేవారు. ఎందుకు నాన్నా అది, లెక్క అయిపోయిందిగా అని నేను ఒకసారి అడిగితే, “ఆ వందా బేరం తల్లీ. ఆ పైది మర్యాద. మర్యాదని లెక్కలో కలపకూడదు” అన్నారు. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఆ మాట అర్థం కావడానికి ఇంకో ముప్ఫై అయిదేళ్ళూ, ఒక లారీ లోడు సరుకూ పట్టాయి.

అమ్మ పని కొబ్బరి డొక్కలతో. కాయ ఒలిచాక మిగిలిన డొక్కల్ని కాలవ గట్టున గోతుల్లో నానబెట్టేవారు. నెలల తరబడి నాని నీళ్ళు నల్లగా మారి, ఆ వాసన ఊరి మొదట్లోకి వచ్చేసరికే ముక్కుకి తగిలేది. అమ్మా, పిన్నీ, ఇంకొంతమంది ఆడవాళ్ళూ ఆ నీళ్ళలో మోకాలి లోతున దిగి, డొక్కలు పైకి తీసి, కర్రలతో బాది పీచు విడదీసి తాళ్ళు పేనేవారు. ఆ నీళ్ళకి అమ్మ వేళ్ళు ఎప్పుడూ పగిలే ఉండేవి. మా ఇంట్లో కొత్త ఆవకాయ జాడీ తీసిన రోజున అమ్మ అన్నం కలుపుకునేది కాదు. పగుళ్ళలో కారం మండిపోయేది. నేను కలిపి ముద్దలు పెడుతుంటే నోరు తెరిచి తినేది, మధ్యమధ్య నవ్వేది, “నువ్వు నాకు అమ్మవైపోయేవే” అనేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ ముద్ద పెడుతూ పెడుతూనే, పెద్దయ్యాక ఏం చేసినా సరే ఈ నీళ్ళలోకి మాత్రం అమ్మని దిగనివ్వకూడదు అనుకునేదాన్ని.

పెద్దవడం అంటే అప్పట్లో నాకు తెలిసింది చదువే. అమలాపురంలో కాలేజీకి రోజూ బస్సులో వేలాడుతూ వెళ్ళి బీకాం చదివాను. మా ఇంట్లో, మా నాన్నవైపూ అమ్మవైపూ కూడా, డిగ్రీ ముఖం చూసిన మొదటిదాన్ని నేనే. ఫలితాలు వచ్చిన రోజున నేను మార్కుల కాగితం పట్టుకుని బస్సు దిగి నేరుగా తోటలోకి పరిగెత్తాను. నాన్న చెట్టు మీద ఉన్నారు. కింది నుంచి అరిచి చెప్పాను. ఆయన దిగేదాకా ఆగలేకపోయారు. మట్టల మధ్య నుంచే నాలుగు తోటలకీ వినబడేలా, “మా అమ్మాయి డిగ్రీ ప్యాసయిందండోయ్!” అని కేక పెట్టారు. పక్క తోటలో ఇంకో చెట్టు మీదున్న ఆయన, “ఏ క్లాసండీ?” అని ఇంకో కేక. “అది దిగేక కనుక్కుంటానండి, ముందు ప్యాసయింది!” అని నాన్న. ఆ కేకలు చెట్టు నుంచి చెట్టుకి పాకుతూ మా ఊరు దాటి వెళ్ళిపోయాయి. ఇవాళ పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది ఆ కేక వారసురాలే అనుకోండి.

చదువు అయ్యాక పెళ్ళయింది. మా ఆయన బడిపంతులు, నెమ్మదస్తుడు, నవ్వితే మాత్రం ఆపలేం. నేను కొన్నేళ్ళు ఒక కొబ్బరికాయల వ్యాపారి కొట్లో గుమాస్తాగా పనిచేశాను. లారీలకి లారీలు కాయలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేవి, డొక్కలు మాత్రం ఇక్కడే కుప్పలు పడి మురిగేవి, లేదా తగలబెట్టేవారు. నైలాను తాళ్ళు వచ్చాక పీచు తాళ్ళు అడిగేవాళ్ళు తగ్గారు. అమ్మావాళ్ళకి ఏడాదిలో నాలుగు నెలలు కూడా పని ఉండేది కాదు, ఉన్న ఆ నాలుగు నెలలూ మళ్ళీ ఆ నల్లనీళ్ళే. అప్పటికి నాన్న పోయారు. అమ్మ మా ఇంటికి ఎప్పుడో ఒకసారి వచ్చేది. అలా వచ్చిన ఒకరోజున గిన్నెలు తోముదామని కూర్చుని, నేను వాడే ఆకుపచ్చ ప్లాస్టిక్కు ముక్క చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేంటే, దీంతో తోమితే గిన్నె కంటే ముందు ఇదే అరిగిపోయేలా ఉంది” అని, లేచి పెరట్లోకి వెళ్ళి గుప్పెడు పీచు పట్టుకొచ్చింది. నేను తూము దగ్గర చూశాను. ఆకుపచ్చ తునకలు నీళ్ళతో పాటు జారి కాలవలోకి పోతున్నాయి. మా కాలవ అవతలి గట్టున చూస్తే కొండలా డొక్కలు. ఈ పక్క నుంచి ప్లాస్టిక్కు కాలవలోకి, ఆ పక్కన పీచు మంటల్లోకి, మధ్యలో పనిలేని మా అమ్మ. నా గుమాస్తా బుర్రకి అప్పుడు వెలిగింది.

ఉద్యోగం మానేశాను. మా ఆయనా నేనూ దాచుకున్నది పెట్టి, డొక్కని నానబెట్టక్కర్లేకుండా పీచు తీసే చిన్న మిషను ఒకటి కొన్నాం. ఐనవిల్లి దగ్గర ఒక పాత రేకుల షెడ్డు ఏడాదికేడాది కౌలు మీద తీసుకున్నాం. పదకొండు మంది ఆడవాళ్ళు, అందులో అమ్మా పిన్నీ ముందు వరుస. షరతు నాది ఒక్కటే, ఎవరూ నీళ్ళలో దిగకూడదు. ఏడాదంతా నీడపట్టున పని దొరకాలి, వేళ్ళు పగలకూడదు. మిగతావన్నీ తర్వాత.

మొదటి రకం సరుకు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పీచు ఉండలా చుట్టి దారంతో కట్టాం. ఇరుగుపొరుగు వాళ్ళకి ఇచ్చాం. వారం తిరక్కుండానే మా పక్కింటి అత్తయ్యగారు పప్పు గిన్నెతో సహా వచ్చి, “ఏవమ్మా, ఇది పప్పా, పరుపా? ముద్ద ముద్దకీ పీచు పంటికి తగులుతోంది” అన్నారు. నెల రోజులు తలబాదుకున్నాం. చివరికి ఒక మధ్యాహ్నం అమ్మ తలస్నానం చేసి జుట్టు సిగ చుట్టుకుంటుంటే ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మాట్లాడకుండా పీచు తీసుకుని పురి పెట్టి, ఆ పురిని సిగలాగే చుట్టి, కొస లోపలికి దోపింది. ఎంత లాగినా ఊడలేదు. అదే మా ముడి. ఎంత పెద్ద కంపెనీ అయినా సరే, మా సరుకు ఆకారం మా అమ్మ జుట్టు నుంచి వచ్చిందని చెప్పడానికి నాకు ఎక్కడా సిగ్గులేదు.

అమ్మకం మాటకొస్తే, ఐనవిల్లి గుడి వీధిలో కొబ్బరికాయల కొట్ల పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునేదాన్ని. విఘ్నేశ్వరుడికి కాయ కొట్టి తిరిగెళ్ళేవాళ్ళు ఆ కాయ తాలూకు పీచుని నా దగ్గర కొనుక్కోవాలన్నమాట. కొన్నవాళ్ళ కంటే చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. మా పెద్దమ్మ ఒకరోజు దర్శనానికి వచ్చి నన్ను చూసి, నలుగురూ వినేలా, “బీకాం చదివి అంట్లు తోముకునే పీచు అమ్ముకుంటున్నావేంటే! మీ నాన్న చెట్టు మీదనుంచి కేకేసింది ఇందుకేనా?” అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పక్కనే ఉన్న పిన్ని ఊరుకోలేదు. “అవునక్కా, నీ ఇంట్లో అంట్లు తోముకోరా ఏంటి? పట్టుకెళ్ళు రెండు” అని పెద్దమ్మ సంచీలో రెండు ముడులు పడేసి, ఆ మీద ఇంకోటి కొసరు వేసింది.

అలా రెండేళ్ళు గడిచాక హైదరాబాదులో పెద్ద దుకాణాల కంపెనీ ఒకటి మా ముడి గురించి ఎలాగో విని అయిదువందల పెట్టెలు అడిగింది. పెట్టెకి నలభై ఎనిమిది. మా చేతులకి అది సముద్రం. కానీ అదే ఆఖరి ఆశ కూడా. షెడ్డు కౌలు గడువు ఆ సీజనుతో అయిపోతుంది, ఈ సరుకు నిలబడితే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే మిషను అమ్మేసి నేను గుమాస్తా కుర్చీకీ, అమ్మావాళ్ళు మళ్ళీ ఆ గోతుల్లోకీ. ఆ మాట పదకొండు మందికీ తెలుసు. దానికి తోడు వానాకాలం. తడిసిన పీచు బూజు పడుతుందని, వాన తెరిపిచ్చినప్పుడల్లా ఆరబెట్టడం, చినుకు పడగానే ఎత్తడం. మూతబడిన రైసు మిల్లు గచ్చు అడిగి తీసుకున్నాం. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఏం వండానో, ఎవరు తిన్నారో నాకు జ్ఞాపకం లేదు. పెట్టెల్లో సర్దే పని పిన్ని చూసింది. చివరి పెట్టెకి టేపు వేసిన రోజున లారీలో డ్రైవరు పక్కనే కూర్చుని జొన్నాడదాకా వెళ్ళి, అది హైవే ఎక్కి కనుమరుగయ్యేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను. కూతుర్ని అత్తారింటికి పంపినట్టే ఉంది.

మూడోనాడు ఫోను. అవతల కొనుగోళ్ళు చూసే ఆఫీసరు గారు, చిన్నవయసు అమ్మాయే, మాట మెత్తగా ఉంది గానీ వార్త మాత్రం పిడుగు. “మేడమ్, మీ సరుకు లెక్క తేడా వచ్చింది. ఏ పెట్టే కలవట్లేదు. మొత్తం వెనక్కి పంపేస్తున్నాం.” నేను మారు మాట అడగలేకపోయాను. లెక్క తేడా అంటే తగ్గిందనే కదా మనకి తోచేది? గుమాస్తాగా అన్నేళ్ళు చేసినా, ఎక్కడైనా తేడా వచ్చిందంటే తక్కువే తప్ప ఇంకోటి చూసి ఎరగను.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి అందర్నీ నిలబెట్టేశాను. నా జీవితంలో తుడిచెయ్యగలిగితే తుడిచెయ్యాల్సిన పూట అది. ఎవరి పెట్టెలో తగ్గిందో చెప్పమన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“తగ్గడవేంటమ్మా?” అంది పిన్ని.

“తగ్గకపోతే లారీ లోడు ఎందుకు తిరిగొస్తుంది పిన్నీ? నలభై ఎనిమిది లెక్కపెట్టడం కూడా రాదా మీకు?”

పిన్ని నడుముకి బిగించిన కొంగు విప్పి దులుపుకుంది. “నలభై ఎనిమిదో యాభయ్యో నాకు తెలీదమ్మా. పన్నెండు పుంజీలొచ్చు నాకు, మీ నాన్న దగ్గరే నేర్చుకున్నాను. నీ అంత చదువుకోలేదు గానీ, తగ్గించి పెట్టే చేతులు కావివి” అని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ, పిన్ని వదిలేసిన పీచు తన ముందుకి లాక్కుని పురి పెట్టడం మొదలుపెట్టింది.

లారీ తిరిగొచ్చింది. లోపలి రోడ్డులోకి రానని, జొన్నాడలో హైవే పక్కన టీ కొట్టు ముందే సరుకంతా దింపేసి పోయాడు డ్రైవరు. నేనూ మా ఆయనా అద్దె వ్యానుతో వెళ్ళాం. వ్యాను ఎక్కించబోతూ ఎందుకో మనసు ఆగక ఒక పెట్టె విప్పి, టీ కొట్టు బల్ల మీద పోసి, నాన్నలాగే రెండు చేతులా పట్టి లెక్కపెట్టాను. పన్నెండు పుంజీలు వచ్చాయి. ఇంకోటి మిగిలింది. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ ఒకటి మిగిలింది. రెండో పెట్టె విప్పితే రెండు మిగిలాయి. మూడో దాంట్లో ఏకంగా ఒక పుంజీ ఎక్కువ. తగ్గిన పెట్టె ఒక్కటంటే ఒక్కటి లేదు. నేను అక్కడే బల్ల చివర కూలబడ్డాను. మా ఆయన మొదలుపెట్టాడు నవ్వడం. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి, “ఏవైందండీ?” అన్నాడు.

“కొసరండీ! పెట్టె పెట్టెకీ కొసరేసేరు మావాళ్ళు. ఎక్కువొచ్చిందని తిప్పి పంపేరు” అన్నాడు మా ఆయన నవ్వుల మధ్య.

“ఎక్కువిచ్చినా తిప్పి పంపుతారేంటండీ? ఇదేం లోకవండీ బాబూ!” అని ఆయన బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు.

కొత్త బేరం, పైగా పెద్ద బేరం, కొసరు వెయ్యకుండా ఎలా పంపుతామని ఎవరి మనసుకి తోచినట్టు వాళ్ళు వేసేశారు. నేను నిలదీసినప్పుడు కూడా ఆ సంగతి ఒక్కరూ చెప్పలేదెందుకంటే, వాళ్ళ దృష్టిలో కొసరు లెక్కలోకి రాదు. లెక్క అడిగాను, లెక్క చెప్పారు, పన్నెండు పుంజీలు. మర్యాద గురించి నేను అడగలేదు.

జొన్నాడ నుంచి వ్యాను మా ఆయనకి అప్పగించి నేను నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. పిన్ని అన్నం వార్చి దించుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాల్సిందేదో చెప్పబోయాను. పిన్ని కంచం వేసి, “ముందు తిను” అంది. వడ్డించింది. నేను చాలంటే వినకుండా ఇంకో హస్తం అన్నం వేసింది. ఆ కొసరు అన్నం ముందు నేను ఏడిచిన ఏడుపు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. “ఊరుకోవే,” అంది పిన్ని, “చదువుకున్నదానివి కదా, తక్కువ సంగతే ముందు తోస్తుంది నీకు. సరేగానీ, వచ్చినవాటిలో తడిసినవేవైనా ఉన్నాయా?”

మర్నాడే ఒక పెట్టె ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను. ఆఫీసరమ్మాయి కళ్ళద్దాల వెనకనుంచి చాలా ఓపిగ్గా విని, “మేడమ్, ఎక్కువైనా తక్కువైనా మాకు తేడా తేడానే. పెట్టె బరువు కలవకపోతే గోడౌన్లో సరుకు తూచే బెల్టు ఆగిపోతుంది. పోనీ అందరూ ఒకేలా వెయ్యొచ్చు కదా?” అంది.

“కొసరు చెయ్యిని బట్టి ఉంటుందండి, కొలతని బట్టి కాదు” అన్నాను.

ఆమెకి అర్థమైందో లేదో తెలియదు గానీ, రాస్తున్న కలం కింద పెట్టింది. నేను నాన్న వంద కాయల లెక్క చెప్పాను, లాభంతో మొదలుపెట్టి పైన పడే పుంజీదాకా. అప్పుడే, చెబుతూ చెబుతూ ఉండగానే, నాకు దారి కనబడింది. నాలుగేసి ముడులు ఒక కట్టగా కట్టి, ప్రతి కట్టలోనూ ఇంకోటి కొసరు పెడతాం, అన్ని పెట్టెలూ ఒకే బరువు తూగుతాయి, మీ బెల్టు ఆగదు అన్నాను.

“అలా అయితే అయిదు అనే రాసెయ్యొచ్చుగా?”

“అయిదంటే అయిదూ అమ్మినట్టుంటుందండి. నాలుగూ ఒకటీ అంటే ఎవరో ఇచ్చినట్టుంటుంది.”

ఆమె నవ్వింది. వంద పెట్టెలు ఒక్క దుకాణంలో పెట్టి చూద్దాం అంది. ఇంటికొచ్చి షెడ్డులో ఆ సంగతి చెబితే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిన్ని మాత్రం నడుముకి కొంగు బిగించి, “ఆయ్, అలాగే కానియ్యండి. కొసర్ని కూడా తూకం వేసుకుంటారన్నమాట పాపం” అని పెట్టెలన్నీ విప్పించింది.

ఆ వంద పెట్టెలూ మూడు వారాల్లో అయిపోయాయి. ఎలా అయిపోయాయో తర్వాత వచ్చిన ఉత్తరాల వల్ల తెలిసింది. జనం నాలుగు తమకి ఉంచుకుని అయిదోది ఊరికే వచ్చిందే కదా అని పక్కింటావిడకో, పనమ్మాయికో, ఊరినుంచి వచ్చిన ఆడపడుచుకో ఇచ్చేశారు. ఆ పక్కింటావిడ అరిగిపోయాక దుకాణానికి వచ్చి ‘అదేదో కోనసీమ ముడి’ అని అడిగింది. మాకు ప్రకటనలు లేవు, గోడల మీద బొమ్మలు లేవు. మా కొసరే కాళ్ళొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. మిగిలిన నాలుగువందల పెట్టెలూ అడిగారు, తర్వాత వెయ్యి అడిగారు, ఇక ఆగలేదు. షెడ్డు కౌలు కాదు, కొనేశాం. అప్పనపల్లి దగ్గర రెండోది, కొత్తపేటవైపు మూడోది. ఒకప్పుడు ఏరు దాటించే పంటు కోసం గట్టున గంటలు గంటలు కూర్చునే చోట ఇప్పుడు వంతెన మీదుగా మా వ్యాన్లు రయ్యిమని వెళుతుంటే, నేను అద్దంలోంచి గోదావరిని చూసి చిన్నపిల్లలా చెయ్యూపుతాను. పదకొండు మందితో మొదలైన పని ఇప్పుడు మూడువందల మంది దాటింది. మూడు ఊళ్ళలోనూ ఒక్క ఆడమనిషి కూడా నల్లనీళ్ళలో దిగడం లేదు. కాలవ గట్టు గోతులు పూడిపోయి, ఒక దాని మీద ఎవరో ఆనపపాదు కూడా పెట్టారు. పెద్దమ్మ మనవరాలు డిగ్రీ పూర్తవగానే మా ఆఫీసులోనే చేరింది. పెద్దమ్మే తీసుకొచ్చి దింపింది, నేనేమీ అనలేదు. అనాలని నాలుక కొసదాకా వచ్చిందనుకోండి.

ఇన్నేళ్ళ తర్వాత ఇవాళ ఆ కంపెనీ వాళ్ళే, తిప్పి పంపిన వాళ్ళే, ఆ మాటని వాళ్ళ పెట్టె మీద అచ్చువేసి పంపారు. పొద్దున్న నేను పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది అమ్మ దగ్గరికే. అమ్మకి డెబ్భై ఎనిమిది దాటాయి. పని చెయ్యక్కర్లేదన్నా షెడ్డులో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది, కొత్తగా చేరిన వాళ్ళకి సిగ చుట్టడం నేర్పుతుంది. నేను అక్షరాల మీద తన వేలు పెట్టించి చదివి వినిపించాను. కొ, స, రు. వేలు నున్నగా ఉంది. పగుళ్ళ జాడలు సన్నటి తెల్లగీతల్లా మిగిలాయి, అంతే. మొన్న వేసవిలో కొత్త ఆవకాయ జాడీ తీసిన రోజున తనే కలుపుకుని, నాకు కూడా ఒక ముద్ద పెట్టింది.

నేను చదవడం అయ్యాక అమ్మ పెట్టెని అటూ ఇటూ తిప్పి, అచ్చం ఆనాడు నా ప్లాస్టిక్కు ముక్కని చూసినట్టే చూసి, “బాగుందే. అయితే ఇది అచ్చేసేసేరా?” అంది.

“ఆయ్, అచ్చేసేరమ్మా.”

“అచ్చేస్తే లెక్కలోకి వచ్చేసినట్టే కదే. మరి కొసరేదీ?”

షెడ్డంతా గొల్లుమంది. పిన్ని అయితే కడుపు పట్టుకుంది. నేనూ నవ్వాను గానీ, ఆ ప్రశ్న నాతో పాటు ఇంటిదాకా వచ్చింది. నిజమే, ఇప్పుడు అన్నీ తూకాలే. పాలు పాకెట్లో వస్తాయి, చింతపండు సీలు వేసి వస్తుంది, కూరలు స్టిక్కరు అంటించుకుని వస్తాయి. ఇచ్చేవాళ్ళెవరో పుచ్చుకునేవాళ్ళెవరో ఒకరికొకరు తెలియకుండానే పని జరిగిపోతోంది. మోసం తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. గెలిచినదాన్ని, ఈ రోజుల్ని తిట్టే హక్కు నాకు లేదు, తిట్టాలనీ లేదు. ఆ తూకాల మధ్యనుంచే మా ముడి ఇంతదూరం వెళ్ళింది. కానీ పైన పడే ఆ పుంజీ విసిరే చెయ్యి, విసిరి లెక్క చెప్పని ఆ నోరు, వాటిని ఏ పెట్టె మీద అచ్చువెయ్యగలం?

భోజనం చేసి మళ్ళీ షెడ్డుకి వచ్చాను, సాయంత్రానికి నమూనా పెట్టెని నింపి ఆఫీసరమ్మాయికి తిప్పి పంపాలి. అది బెల్టు మీదికి వెళ్ళేది కాదు, ఆమె బల్ల మీదికే. పన్నెండు కట్టలూ నేనే స్వయంగా సర్ది, లెక్క రెండుసార్లు సరిచూసి, టేపు కోసం పక్కకి తిరిగాను. మళ్ళీ చూసేసరికి అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి పెట్టె పక్కన నిలబడి ఉంది. ఒళ్ళోంచి తను చుట్టిన ముడి ఒకటి తీసి, కట్టల పైన, ఎక్కడా కలవకుండా, విడిగా పెట్టింది. నేను చూడనట్టే నిలబడ్డాను. అది పెడుతూ అమ్మ నోట్లోనే ఏదో అంది, పెదవులు కదలడం చూసి నాకు తెలిసింది, నాన్న లెక్క మొదలుపెట్టే మాటే.

“లాభం.”